ఏడో నంబరు కర్ర

ఆ ఏడు ఇబ్రహీంపట్నంలో గేట్లకున్న గిరాకీ బియ్యానిక్కూడా లేదు. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ చూసినా వెంచర్లే. లోపల ఇల్లుండదు, మనిషుండడు, చెప్పుకోవడానికి ఒక్క ఇటుకుండదు. గేటు మాత్రం ఉండాలి. గేటు మీద రెండు నెమళ్ళు కూడా ఉండాలి. మంచాల కమ్మరి బాలనర్సింహ యాభై రెండేళ్ళ వయసులో ఆ నెమళ్ళకు తోకలు వంచుతూ బతుకుతున్నాడు. పని చేసేది మంచాల రోడ్డు మలుపులో ఉన్న వెల్డింగు షాపులో. అక్కడ కొలిమి లేదు, సమ్మెట లేదు. కరెంటుంటే పని, లేకపోతే బీడీ.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆరింటిదాకా రాదని సేటు చెప్పగానే బాలనర్సింహ చేతులు కడుక్కుని, ఆటో ఎక్కి గోల్ఫు మైదానం దగ్గర దిగాడు. అతని బిడ్డ రేణుక అక్కడ క్యాడీ. ఆడేవాళ్ళ వెనక కర్రల సంచీ మోస్తుంది, ఏ దెబ్బకు ఏ కర్ర కావాలో అందిస్తుంది. నాలుగేళ్ళు మోసి మోసి, తెల్లవారుజామున ఎవరూ రాకముందు కొట్టి కొట్టి, ఆమె ఆట సంచీ మోయించుకునేవాళ్ళ ఆటను దాటిపోయింది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

వచ్చే ఆదివారం అసిస్టెంటు కోచి ఉద్యోగానికి పరీక్ష. పద్దెనిమిది గుంతలూ ఎనభై నాలుగు దెబ్బల్లోపు ముగించాలి. ముగిస్తే భుజం మీది సంచీ దిగుతుంది, నెలజీతం వస్తుంది, పేరు వెనక మేడం అని చేరుతుంది. క్యాడీలు కూడా రావచ్చని నోటీసు అంటించారు. దాని అడుగున చిన్నక్షరాల్లో ఇంకో వాక్యముంది. సొంత సెట్టు లేనివారు పేరు ఇవ్వరాదు.

సెట్టంటే నంబర్లు వేసిన కర్రలన్నీ కలిపి ఒక సంచీ. పదకొండు మంది క్యాడీల్లో ఒక్కరికీ సొంత సెట్టు లేదు. ఉంటే క్యాడీలెందుకవుతారు? ఆ వాక్యం రాసినాయన ఎవరో గానీ, తలుపు తీసిపెట్టి గడప మీద గోడ కట్టాడు.

రేణుక మోసేది మహిధర్ అనే ఆయన సంచీ. ఆయనది కొంగరకలాన్. పొలంలో ఒక చెక్క అమ్మి, ఆ ఊపులో గోల్ఫు మొదలుపెట్టి, ఒకటి బాగాలేదని ఇంకొకటి, ఏడాదిలో రెండు సెట్లు కొన్నాడు. తప్పు సెట్లలో లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. నోటీసు చూసిన రోజు రేణుకను పిలిచి, "రెండూ తీస్కపో. ఏది కుదిరితే అది నీది. రెండోది నాకు వాపస్ ఇయ్యి" అన్నాడు. అట్లా పదకొండు మందిలో ఒక్క రేణుక పేరు కాగితం ఎక్కింది. ఇక ఆ రెండింట్లో ఏదో తేల్చుకోలేక నాలుగు రోజులుగా ఆ పిల్లకు అన్నం సయించడం లేదు.

బాలనర్సింహ కంచె ఇవతలే నిలబడ్డాడు. బయటివాళ్ళను లోపలికి రానియ్యరు. రేణుక పరుగున వచ్చి కంచె సందులోంచి రెండు కర్రలు చాపింది.

"బాపూ, జర చూడు. రెండు గూడ ఏడో నంబరే. ఏది మంచిగున్నదో చెప్పు."

"నాకేం తెల్సు బిడ్డా, గీ ఆట?"

"ఇనుము తెల్సు గదా."

అతను కర్ర తలను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. రెండోదాన్నీ కొట్టాడు. మళ్ళీ మొదటిదాన్ని కొట్టాడు. అతని మొహం విప్పారింది.

"ఇది అచ్చుల పోసిన ఇనుము కాదే! కొట్టిన ఇనుము. రెండు గూడ సమ్మెట దెబ్బ తిన్నయే!"

"అవ్ బాపూ. ఫోర్జుడు అంటరు."

"ఏమన్న అననీ. కమ్మరోల్ల పనే గది." ఇంత పెద్దపెద్దవాళ్ళు ఆడే ఆటలో తన కులవృత్తి చేరి కూర్చుందని తెలిసి అతనికి మహా సంతోషమైంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఈ మాట తనకు చెప్పలేదేమని కోపం కూడా వచ్చింది.

రేణుక రెండు కర్రల ముఖాలకూ మొహానికి రాసుకునే పౌడరు చల్లింది. బంతి తాకినచోట పౌడరు చెరిగి మచ్చ పడుతుంది. ముందు సన్నదాన్ని అందుకుంది. దాని తల పలచగా, వెనక నున్నగా ఉంది. మైదానం నడుమ నీలగిరి చెట్టు చుట్టూ ఒక బంతిని కుడివైపు నుంచి తిప్పింది, ఇంకోదాన్ని ఎడమవైపు నుంచి తిప్పింది. "చూశ్నవా? ఎటు మలుపుమంటే అటు మలుపుతది" అంది గర్వంగా. మూడో బంతి మాత్రం ఒక వేలు మందం పక్కకు తాకింది. సగం దూరం కూడా పోలేదు. రేణుక తిమ్మిరెక్కిన వేళ్ళు దులుపుకుంది.

లావుదాని తల వెనక గుంటగా ఉంది. నడుమ ఇనుము తీసి బరువంతా అంచులకు పంచారు. దాంతో రేణుక కావాలనే రెండు బంతులు పక్కకు తాకించింది. అయినా అవి నాలుగడుగుల తేడాతో గుంత దగ్గర పాతిన జెండా దాకా పోయాయి.

"ఇది తప్పు కొట్టినా కాచుకుంటది బాపూ. ఐతే మలుపుమంటే అంత మలుపది. తన దారిల తను పోతది."

"నీ మనసు దేని మీదున్నదే?"

"సన్నదాని మీద" అంది రేణుక, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

బాలనర్సింహ ఇంకోటి గమనించాడు. ఏ కర్రతో కొట్టినా, తిన్నగా పోవాల్సిన బంతి కొంచెం ఎడమకు పోతోంది. కర్రలు మళ్ళీ అడిగి తీసుకుని తిరగేశాడు. అడుగున పచ్చిగడ్డి పసరు కాడకు దగ్గరున్న మడమ వైపే అంటింది. కొస వైపు మరక లేదు.

"తప్పు నీది కాదే పిచ్చిదానా! కాడ దిగిన ఈ మెడది. ఆరడుగుల మనిషి కొలతకు చేసిండ్రు. నువ్వు పొట్టిదానివి, నీ చేతిలకొస్తే దీని కొస పైకి లేస్తున్నది. నాగలి వాలితే కర్రు ఒక్క పక్కనే అరుగుతది చూడు, గట్లనే."

రేణుక నోరు తెరిచింది. "నేను ఇన్నొద్దుల సంది నా చేతులనే తిట్టుకుంటున్న గదా బాపూ!"

"మెడ జర ఒంచితే అయిపాయె."

"క్లబ్బు షాపుల ఒంచే మిషన్ ఉన్నది. అది మెంబర్లకే అంట. అడిగితే షాపు చూసే కిష్టన్న కుదరదన్నడు."

"మిషన్ ఎందుకే? మీ బాపు సచ్చిండా?" అన్నాడు బాలనర్సింహ. ఆ రాత్రి రేణుక రెండు సంచులూ మోసుకుని మంచాల బస్సెక్కింది.

*

ఇంటి వెనక కొలిమి ఎండాకాలం నుంచి చల్లగానే ఉంది. ట్రాక్టర్లొచ్చాక కర్రులు సాపు చేయించుకునేవాళ్ళు లేరు. ఎప్పుడైనా ఒక కొడవలి, ఒక గడ్డపార. శుక్రవారం పొద్దున్నే బాలనర్సింహ బొగ్గులు పేర్చి, అగ్గి రాజేసి, భార్య సత్తమ్మను గాలిచక్రం తిప్పమన్నాడు. చాలా రోజులకు పట్టకారు చేతికొచ్చింది. స్నానం చేసి, కొలిమికి మొక్కి మరీ కూర్చున్నాడు.

ఇనుమును చల్లగా వంచకూడదని అతనికి తండ్రి నేర్పాడు. చల్లగా వంచితే లోపల కంటికి కనపడని పగులు పడుతుందని, అది ఏ పొలంలోనో ఎవరి కాలి మీదో బయటపడుతుందని ఆయన భయం. నలభై ఏళ్ళలో బాలనర్సింహ ఒక్క మేకును కూడా చల్లగా వంచి ఎవరికీ ఇవ్వలేదు. బిడ్డ కర్రకు అట్లాంటి పని చేస్తాడా?

రేణుకకు ఇష్టమైన సన్న ఏడో నంబరునే ముందు తీశాడు. మెడ నిప్పుల్లో ఉండేట్టు పెట్టాడు. సత్తమ్మ చక్రం తిప్పింది. కాసేపటికి తలను కాడకు అతికించిన గమ్ము కాలి కమురు వాసన లేచింది. అద్దంలా మెరిసే పైపూత మీద ముందు పసుపు, తరవాత ఊదారంగు తిరిగాయి. ఆ వెంటనే బుడగలు లేచి, పూత పొలుసులు పొలుసులుగా రాలింది. గాభరాగా పైకి లాగాడు. కాడ ఒక్కటే చేతికొచ్చింది. తల నిప్పుల్లో ఉండిపోయింది.

తలను పట్టకారుతో తీసి బూడిదలో పూడ్చాడు. సత్తమ్మ చక్రం ఆపేసి అతని మొహంలోకి చూసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. పొల్లనడిగినవా, నిప్పులల్ల పెట్టొచ్చా అని?"

పళ్ళు తోముకుంటూ వచ్చిన రేణుక తండ్రి చేతిలో ఉత్త కాడను చూసి, బూడిదలోంచి బయటికి కనపడుతున్న నల్లటి ఇనుపముక్కను చూసి, అట్లాగే నేల మీద కూలబడింది. ఆమె అరిచి గోల చేసినా అతనికి అంత కష్టమనిపించేది కాదు.

"సారు ఒక సెట్టు వాపస్ అడిగిండు" అంది. "సన్నది నేనుంచుకుంటే ఏడో నంబరు లేకుంటనే పరీక్షకు పోవాలె. లావుది ఉంచుకుంటే సారుకు గీ కాలింది ఇయ్యాలె. ఎట్ల చేద్దాం బాపూ? సారుకు కోపమొస్తే రెండు గూడ గుంజుకుంటడు. ఇగ సొంత సెట్టేది, పరీక్షేది?"

"నేను పోయి చెప్తనే."

"నువ్వెందుకు? సారు నాకు ఇచ్చిండు."

"కాల్చింది నేను గదా" అన్నాడు బాలనర్సింహ. తల చల్లారాక మిగిలిన పూతను ఎమరీ కాగితంతో గీకేసి, కొడవలికి పూసినట్టే ఆముదం పూసి, పాత పంచె ముక్కలో చుట్టుకున్నాడు. కాడ చంకలో పెట్టుకుని, చాయ్ కూడా తాగకుండా బస్సెక్కాడు.

*

కొంగరకలాన్‌లో మహిధర్ ఇంటి గేటు చూసి బాలనర్సింహ అక్కడే ఆగాడు. దాని మీద రెండు నెమళ్ళున్నాయి. ఆ తోకలు తను వంచినవే. తోస్తే ఊరంతా వినపడేట్టు కిర్రుమంది.

మహిధర్ వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆయన తల్లి ఇంద్రమ్మ చేటలో చింతపండు పెట్టుకుని గింజ తీస్తోంది. బాలనర్సింహ మెట్ల కింద నిలబడి పంచె ముక్క విప్పాడు.

"సారూ, నేను నర్సింహను, రేణుక వాళ్ళ బాపును. మీరిచ్చిన కర్రను కొలిమిల పెట్టి ఖరాబు చేసిన. పొల్లది ఏం తప్పు లేదు. మెడ ఒంచుదామని నేనే పెట్టిన."

మహిధర్ పేపరు పక్కన పడేసి ఆ నల్లటి ముక్కను అందుకున్నాడు. "ఏం చేసినవయ్యా! దీన్ని నిప్పులల్ల పెడ్తరా ఎవరన్న? రెండు సెట్లు గూడ జపాన్‌కెల్లి తెప్పించిన. ఒకటి పోయిందంటే సెట్టు పోయినట్టే. తెల్వకుంటే అడగొద్దా?"

"అడగలే సారూ. తెల్సనుకున్న."

బాలనర్సింహ తల వంచుకున్నాడు. "నన్నేమన్న అనుండ్రి. మీ ఇంటికాడ ఎన్నొద్దులన్న పని చేస్త. ఆదివారం దాకా ఆ రెండో సెట్టు మాత్రం పొల్ల దగ్గర్నే ఉండనీయుండ్రి. మీ కాల్మొక్త."

ఇంద్రమ్మ చేట పక్కన పెట్టింది. ఆమెకు డెబ్బై దాటాయి, గొంతు మాత్రం గట్టిది.

"ఒరే మహీ, మన ఇంటికి ఈ రెండేండ్లల్ల ఎంతమంది వచ్చిండ్రు రా? ప్లాట్లోల్లు, బ్రోకర్లు, సర్వే చేసేటోల్లు. హద్దురాళ్ళు జరిపినోడొచ్చి మన చాయే తాగి పోయిండు. తప్పు నాది అని నోరిడిసి చెప్పినోడు ఒక్కడన్న ఉన్నడా?"

మహిధర్ పడేసిన పేపరు తీసి మడతపెట్టాడు.

"ఈయన బస్సెక్కి, ఖరాబు చేసింది చేతిల పట్టుకొని వచ్చిండు. కూసోవెట్టి చాయ్ పొయ్యి. ఏం నర్సింహా, ఆ గేటు నువ్వు చేసిందేనా?"

"తోకలు నావి అమ్మా."

"మస్తున్నయి. కిర్రుమనుడు ఆపి పో మరి. పొద్దందాక నా చెవులు తింటున్నది."

అతను చాయ్ తాగి, గేటు కీళ్ళ మొలలకు నూనె పోసి, పైమొల వంకర ఉంటే రాయితో సరిచేసి వచ్చేసరికి మహిధర్ ఆ నల్లటి తలను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మెరుపు పోయిన ఆ ఇనుము లేగదూడ చర్మంలా మెత్తటి నలుపు తేలింది.

"పౌడరు మచ్చ, పసరు మరక, అంత చూసి చెప్పినవట గదా మెడ తేడా ఉన్నదని? రేణుక నిన్న రాత్రి ఫోన్ల చెప్పింది. రెండేండ్లు పైసలు పోసి నేర్చుకున్న, నాకెవరూ చెప్పలే" అన్నాడు. ఆ తలను పక్కన పెట్టి, "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి క్లబ్బు గేటు కాడికి రా నర్సింహన్నా. నా గెస్టువు. మిషన్ మీద నువ్వే ఒంచుదువు. ఇంకోటి కాల్చినవంటే మాత్రం ఊకోను" అన్నాడు.

బాలనర్సింహ రెండు చేతులూ ఎత్తి ముందు ఇంద్రమ్మకు, తరవాత ఆయనకు మొక్కాడు. బస్సులో కూర్చున్నాక గానీ కళ్ళు తుడుచుకోవాలని గుర్తు రాలేదు.

*

శనివారం క్లబ్బు షాపులో కిష్టా అయిష్టంగానే మిషన్ చూపించాడు. అదేం పెద్ద యంత్రం కాదు. తలను బిగించే పట్టు, పక్కన డిగ్రీల కొలత, మెడకు తగిలించి వంచడానికి గాడి ఉన్న పొడుగాటి ఇనుపకడ్డీ.

"అగ్గెక్కడ పెడ్తవ్?" అన్నాడు బాలనర్సింహ.

"అగ్గి లేదు పెద్దమనిషీ. చల్లగనే."

బాలనర్సింహ కడ్డీ వదిలేశాడు. తండ్రి మాట దాటడమంటే అతనికి మామూలు సంగతి కాదు. మహిధర్, కిష్టా, సంచీ పట్టుకున్న రేణుక, ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు. అతను లావు ఏడో నంబరును మళ్ళీ గోటితో కొట్టి విన్నాడు. పోసిన ఇనుమైతే ముట్టుకునేవాడు కాదు. ఇది సమ్మెట కింద పొరలు పొరలుగా సర్దుకున్న ఇనుము, మెత్తనిది. కళ్ళు మూసుకుని కడ్డీ మీద భారం వేశాడు. ఒకేసారి లాగలేదు. ఇంత వంచి ఆగడం, గోటితో కొట్టి వినడం, మళ్ళీ ఇంత. ఇనుము ఎదురు తిరగలేదు. కొలత చూస్తే సరిగ్గా రెండు డిగ్రీలు.

"అరె! నాకు నేర్పిన మా సారు గూడ మూడుసార్లు దిద్దుకుంటడు" అన్నాడు కిష్టా, గొంతులో అయిష్టం పోయి. మధ్యాహ్నానికి రెండు సెట్లూ అయ్యాయి. నల్లదానికి కిష్టాయే గమ్ము కలిపి కాడ అతికించి, రేపటిదాకా ముట్టుకోవద్దన్నాడు.

సాయంత్రం రేణుక కొడుతుంటే బాలనర్సింహ ఈసారి కంచె లోపలే కూర్చున్నాడు. బంతులు ఎడమకు పోవడం మానేశాయి. తిన్నగా జెండా మీదికే పోతున్నాయి. సన్నవాటితో ఆమె బంతిని ఆడించినట్టు ఆడించింది.

"ఇంకేంది, సన్నయే తీస్కో. ఏడో నంబరు గూడ రేపటికి తయారైతది."

రేణుక సన్న కర్రలన్నీ తుడిచి ఒక్కొక్కటే మహిధర్ సంచీలో పెట్టింది. "లావుయే తీస్కుంట బాపూ."

"నీ మనసు సన్నయాటి మీదుండె గదనే! నేను కాల్చిననని భయపడ్తున్నవా?"

"కాదు. ఇయ్యాల నేను సక్కగ కొడ్తున్న. రేపు నా చేతులు వణుకుతయి బాపూ. వణికినప్పుడు నన్ను కాచుకునేదే కావాలె."

అతను బిడ్డ చేతుల వైపు చూశాడు. ఇరవై మూడేళ్ళకే సంచి పట్టీ ఒరుసుకుని కాయలు కాసిన చేతులు. ఈ బుద్ధి తనకు శుక్రవారం పొద్దున ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

*

ఆదివారం ఆడేవాళ్ళు తప్ప ఎవరూ మైదానంలోకి పోకూడదన్నారు. బాలనర్సింహ మళ్ళీ కంచె ఇవతలికొచ్చాడు. అక్కడి నుంచి పదకొండో గుంత ఒక్కటే కనపడుతుంది. దాని ముందు నీళ్ళ మడుగు ఉంది.

పదింటికి రేణుక అక్కడికొచ్చింది. వెనక కాగితం పట్టుకుని పెద్ద కోచి సునంద మేడం. రేణుక లావు ఏడో నంబరు తీసి, చెయ్యి చున్నీకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది. చేతులు వణుకుతున్నాయని అంత దూరం నుంచే అతనికి తెలిసింది. కొట్టింది. చప్పుడు బాగాలేదు. కర్ర మడమకు తాకింది. ఆ చప్పుడు వినగానే బాలనర్సింహ రెండు చేతులతో కంచె తీగ పట్టుకున్నాడు. బంతి తక్కువ ఎత్తులో, అయిష్టంగా మడుగు మీదుగా పోయి, అవతలి ఒడ్డున గడ్డిలో పడి ఆగింది. నీళ్ళకూ దానికీ జానెడు దూరం.

సన్నదైతే నడిమడుగులోనే పడేది. బాలనర్సింహ ఎవరూ చూడకుండా ఆ లావు ఇనుముకు, దాన్ని కొట్టిన పేరు తెలియని జపాను కమ్మరికి, దాన్ని కొని వాడుకోవడం చేతకాని మహిధర్‌కు, ఇంద్రమ్మకు, వరుసగా దండం పెట్టుకున్నాడు.

పన్నెండున్నరకు మహేశ్వర్ అనే క్యాడీ కంచె వెంట ఉరికొచ్చాడు. "ఎనభై మూడు! పెద్దబాపూ, ఎనభై మూడు!" అతని వెనకే రేణుక వచ్చింది. కంచె సందులోంచి తండ్రి వేళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"పదకొండోదాని కాడ తప్పు తాకింది బాపూ."

"చూశ్న."

"ఐనా దాటింది."

"గది గూడ చూశ్న బిడ్డా."

మహిధర్ కూడా వచ్చాడు. సన్న సెట్టున్న సంచీ కంచెకు ఆనించి, "దీన్ని గూడ నువ్వే ఉంచుకో. నా ఆటకు ఇది పనికిరాదు" అన్నాడు రేణుకతో. రేణుక కళ్ళు తుడుచుకుని ఆ సంచీని చూసింది. ఆమె మనసు మొదటి నుంచీ దాని మీదే.

"నాకు ఒక సెట్టు చాలు సారూ. గిది క్యాడీల షెడ్డుల పెడ్త. క్యాడీలందరి సొంతమని కాగితం రాసిస్తరా?"

మహిధర్‌కు నోటీసులోని ఆ చిన్నక్షరాలు గుర్తొచ్చాయి. గట్టిగా నవ్వి, అక్కడికక్కడే, వెనకే వచ్చిన సునంద మేడం పెన్ను అడిగి రాసిచ్చాడు. ఆమె చదివి, సాక్షిగా తనూ సంతకం పెట్టింది.

*

మూడు వారాలకు ఇంకో ఉద్యోగం ఉందని నోటీసు పడింది. అడుగున ఆ వాక్యం అట్లాగే ఉంది. ఈసారి దాని కింద పది మంది క్యాడీల పేర్లున్నాయి.

గురువారం కరెంటు పోగానే బాలనర్సింహ క్లబ్బు గేటు దగ్గరికొచ్చాడు. వాచ్‌మన్ పుస్తకం తీసి, ఏం పని మీద వచ్చావని అడిగాడు. "కమ్మరి పని" అన్నాడు. షాపులో కిష్టా పక్కకు జరిగి చోటిచ్చాడు. సన్న సెట్టు మోసుకుని మహేశ్వర్ ముందుగా వచ్చాడు. ఆ పిల్లాడు తాటిచెట్టంత పొడుగు. సంచీలు మోసి మోసి వీపు ముందుకు వంగిపోయింది.

"పెద్దబాపూ, గివి రేణుకక్క కొలతకు ఒంచినవి గదా? నాకు పనికొస్తయా?"

"మళ్ళ లేపుదాం."

"రేపు ఇంకొకలు వస్తే?"

"ఆళ్ళకు గూడ ఒంచుదాం. కొట్టిన ఇనుము బిడ్డా, తొందర వెట్టకుంటే ఇంటది. ముందు గా నల్లదియ్యి."

మహేశ్వర్ నల్లటి ఏడో నంబరు తీసిచ్చాడు. బాలనర్సింహ గోటితో కొట్టి విని, దాన్ని పట్టులో బిగించి, కడ్డీ అందుకోబోయి ఆగాడు.

"నిలబడు బిడ్డా, నడుము సక్కగ పెట్టి. నీ ఎత్తెంతో చూడనియ్యి."